మగ్గపు గుంటలో ఊట: ఇంటి సెప్టిక్ ట్యాంకు పనియు, పోషణయు

నేతవారి పత్రికలో మరుగుదొడ్డి ముచ్చట ఎందుకని సభ్యులలో కొందరు అడుగవచ్చును. నూలు ధర, రిబేటు, సంఘపు బాకీలు వదలిపెట్టి కార్యదర్శి ఈ దారి పట్టినాడేమని నవ్వినను నవ్వవచ్చును. మా ఇంటి మగ్గము 11 దినములు ఆగిపోయిన సంగతి విన్న పిమ్మట నవ్వుదురు గాక.

మాది బరంపురము. నేత వీధులు ఎరిగినవారికి మా ఇండ్ల పోకడ చెప్పనక్కరలేదు. రెండు ప్రక్క గోడలు ఇరుగుపొరుగులతో కలిసి ఉండును. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. మా ముందు గది చిన్నది కాబట్టి మగ్గము వెనుక గదిలో వేసుకొన్నాము. ఆ గది గోడ కవతల పెరడు. 2009లో పెరటిలో మరుగుదొడ్డి కట్టించి, గోడకు 5 అడుగుల దూరములో ఒక గుంట త్రవ్వించినాము. మేస్త్రి దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టినాడు, మేమును అదే పేరు పెట్టి పిలుచుకొన్నాము.

2016 వానకాలములో ఒకనాటి ఉదయము మా ఇంటిది మగ్గము మీద కూర్చుండి, "ఏమండీ, కాళ్ళు గుంటలో పెడితే చల్లగా తగులుతున్నది, వాసన కూడ వేస్తున్నది" అన్నది. వాన చెమ్మ అనుకొని బూడిదయు ఇసుకయు పోయించినాను. మూడవ దినమునకు గుంటలో అంగుళము ఎత్తు నీరు నిలిచినది. పట్టు పడుగు చెమ్మకు మెత్తబడి సాగినది. సగము నేసిన చీర మడతలకు మురుగు వాసన పట్టినది. ఆ చీరను సంఘములో వేయుమని నేను ఎట్లు చెప్పగలను? ఇతరుల సరకులో చిన్న మరక ఉన్నను త్రిప్పి పంపువాడను నేనే గదా. ఆ నష్టము మేమే భరించినాము. మా ఇంటిదానికి పాదములు ఒరసి దురద పుట్టి నెలరోజులు మందు వేయవలసి వచ్చినది.

పెరటిలో గుంట తెరిపించి చూడగా అసలు సంగతి బయటపడినది. అది ట్యాంకు కానేకాదు. ఒకదానిపై ఒకటి పేర్చిన సిమెంటు వరలు, అడుగు లేదు, అరలు లేవు, బయటికి పోవు గొట్టము లేదు. ఏడేండ్లు నేల త్రాగినంత త్రాగినది. మడ్డి పేరుకొని వరల సందులు పూడినవి. వాన పడి నేల నిండగానే మురుగు నీరు ప్రక్కకు తిరిగి, మెత్తగా త్రవ్విన చోటు వెదకికొని వచ్చినది. మగ్గపు గుంటకంటె మెత్తని చోటు దానికి ఎక్కడ దొరకును?

ఇట్టి గుంటలు మన వీధులలో అనేకము ఉన్నవి. కాబట్టి అసలు సెప్టిక్ ట్యాంకు అనగా నేమో ముందు తెలిసికొనవలెను.

గంజి కాచి కుండను కదపకుండ ఉంచినచో చిక్కనిది అడుగునకు దిగును, తేట పైకి తేలును. ట్యాంకు చేయు మొదటి పని ఇంతే. నీరు కారని అడుగు, నీరు కారని గోడలు గల తొట్టిలోనికి మురుగు వచ్చి కనీసము ఒక దినమైనను నిలకడగా ఉండవలెను. బరువైనది అడుగున మడ్డిగా దిగును. నూనె, జిడ్డు, తేలికైన వస్తువులు పైన తెట్టెగా కట్టును. నడుమనున్న నీరు మాత్రమే రెండవ కొన నుండి బయటికి పోవలెను. గాలి తగలనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు ఆ మడ్డిని తిని దాని పరిమాణము తగ్గించును. కుళ్ళించుట అను అర్థము గల మాట నుండి సెప్టిక్ అను పేరు వచ్చినది. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణమున డొనాల్డ్ కామెరాన్ అను ఇంజనీరు ఇట్టి తొట్టి కట్టి ఈ పేరు పెట్టినాడు.

మడ్డి తగ్గునేగాని పూర్తిగా పోదు. ఇక్కడనే మనవారు పొరబడుచున్నారు. "మా ట్యాంకు 15 ఏండ్లనుండి నిండలేదు" అని గొప్పగా చెప్పుకొనువారిని నేను ఎరుగుదును. నిండకపోవుట ఆరోగ్యపు గుర్తు కాదు. అడుగు లేనందున మురుగు భూమిలోనికి పోవుచున్నదనియో, మడ్డి బయటి గొట్టము గుండ కొట్టుకొని పోవుచున్నదనియో దాని అర్థము.

ట్యాంకు నుండి వెడలిన నీరు కంటికి తేటగా ఉన్నను శుభ్రమైనది కాదు. రోగములు తెచ్చు క్రిములు, పురుగుల గ్రుడ్లు అందులో ఉండును. అందుకే దానిని వీధి కాలువలోనికి వదలరాదు, ఇంకుడు గుంట ద్వారా భూమిలోనికి పంపవలెను. భూమి పొరలలో మెల్లగా దిగుచు ఆ నీరు వడకట్టబడును. అనగా ట్యాంకు సగము పని చేయును, మిగిలిన సగము నేల చేయవలెను.

భారత ప్రమాణ సంస్థవారి 2470వ ప్రమాణములో కొలతలున్నవి. అయిదుగురు గల ఇంటికి లోపలి పొడవు ఒకటిన్నర మీటరు, వెడల్పు 75 సెంటీమీటర్లు, నీటి లోతు ఒక మీటరుకు కొంచెము పైన ఉన్నచో రెండేండ్లకొకసారి శుభ్రము చేయించిన సరిపోవును. నీటిపై ఒక అడుగు ఖాళీ ఉంచవలెను. లోనికి వచ్చు గొట్టముకంటె బయటికి పోవు గొట్టము 2 అంగుళములు దిగువన ఉండవలెను. రెండు గొట్టములకును టీ ఆకారపు ముక్క తగిలించి దాని క్రింది కొమ్ము నీటిలో మునుగునట్లు చూడవలెను. ఈ టీ ముక్కకు అయ్యేది స్వల్పమైన ఖర్చు. అయినను మేస్త్రీలు మొదట ఎగవేయునది ఇదియే. అది లేనిచో తెట్టె నేరుగా ఇంకుడు గుంటలోనికి పోయి దాని రంధ్రములను పూడ్చివేయును. ఒకసారి పూడిన ఇంకుడు గుంటను బాగుచేయుట దుర్లభము, క్రొత్తది త్రవ్వవలసినదే. రెండువేల లీటర్లకు మించిన ట్యాంకులో అడ్డుగోడ కట్టి రెండు అరలు చేయవలెను, మొదటి అర మూడింట రెండు వంతులు ఉండవలెను. గాలిగొట్టము ఇంటి కప్పుకంటె 2 మీటర్లు ఎత్తు లేచి, కొనకు దోమతెర కట్టి ఉండవలెను.

దూరముల మాట మరింత ముఖ్యము. ఇంకుడు గుంట త్రాగునీటి బావికి 18 మీటర్ల లోపల, అనగా సుమారు 60 అడుగుల లోపల ఉండరాదు. మనుష్యులు నివసించు గదికి 6 మీటర్లు, అనగా సుమారు 20 అడుగులు ఎడము ఉండవలెను. గుంటమగ్గము వేసిన గదికి ఆ 20 అడుగులు ఒక్కటి కూడ తగ్గించరాదని నా అనుభవముతో చెప్పుచున్నాను. మన కాళ్ళు నేలకు రెండు మూడడుగుల లోతున ఉండును గదా.

మన సన్నని పెరళ్ళలో ఇంత చోటు ఎక్కడిదని అడుగుదురు. మా ఇంటను అదే చిక్కు వచ్చినది. చివరకు ఇరుగు పొరుగు మూడిండ్లవారము కలిసినాము. 14 మందిమి. పదిహేనుగురికి చెప్పిన కొలత ప్రకారము 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీటి లోతుతో రెండరల ట్యాంకు పెరళ్ళ చివర కట్టించినాము. ఇంకుడు గుంట మా మగ్గము గోడకు 22 అడుగుల దూరములో పడినది. ఎవరి వాటా ఎంత, శుభ్రము చేయించు ఖర్చు ఎట్లు పంచుకొనవలెను అన్నది ముందే కాగితముమీద వ్రాసికొన్నాము. అన్నదమ్ములవంటి వారమే అయినను వ్రాతలేని చోట తగవు వచ్చును. స్నానపు నీరు, బట్టలుతికిన నీరు మాత్రము వేరు కాలువకు మళ్ళించినాము. ఆ నీరంతయు ఒక్కసారి ట్యాంకులో పడితే దిగిన మడ్డిని లేపి బయటికి త్రోయును.

క్రొత్త ట్యాంకును వాడకమునకు ముందు బయటి గొట్టము వరకు మంచినీటితో నింపి, పాత ట్యాంకులోని మడ్డి కొంచెము గాని, అది దొరకనిచో చివికిన పేడ కొంచెము గాని వేసిన చాలును. నెలకొక పొట్లము వేయుమని అంగళ్ళలో అమ్ము పొడులకు డబ్బు తగలేయవద్దు. కావలసిన జీవులు ప్రతిదినము మననుండియే అందులోనికి పోవుచున్నవి. ఏ పొడియు మడ్డి తీయించు పనిని తప్పించలేదు.

ఇక ఇతరుల ఇండ్లలో లేక మన ఇండ్లలో మాత్రమే ఉన్న చిక్కును చెప్పవలెను. అది రంగునీరు. నాప్తాలు రంగులకు, వ్యాటు రంగులకు కాస్టిక్ సోడా కావలెను. వ్యాటుకు హైడ్రోసు కూడ కావలెను. రియాక్టివ్ రంగులకు ఉప్పు, సోడా దండిగా పడును. నూలు తెల్లబరచుటకు బ్లీచింగు పొడి వాడుదుము. పట్టు జిగురు తీయుటకు సబ్బు, సోడాతో ఉడకబెట్టుదుము. పెరటిలో పొయ్యిమీద నాలుగు చిలపలు అద్ది, ఆ తొట్టినీరు దొడ్డి గిన్నెలో కుమ్మరించుట చాల ఇండ్లలో వాడుకయైపోయినది. "నీరు నీటిలో కలిసె" ననుకొందురు. ట్యాంకులోని జీవులు ఎక్కువ క్షారమును గాని ఆమ్లమును గాని సహించలేవు. బ్లీచింగు పొడి క్రిములను చంపుటకే పుట్టినది, మంచివి చెడ్డవి అని చూడదు. ఆ జీవులు చచ్చిన ట్యాంకు ఉత్త తొట్టియగును. మడ్డి వేగముగా పేరుకొనును, వాసన కొట్టును. రంగు మాత్రము అక్కడ ఆగదు. నేలలోనికి దిగి ఎక్కడ బావి ఉన్నదో అక్కడ తేలును.

ఇది చిన్న మాట కాదు. తమిళనాడులో తిరుపూరు అద్దకపు కార్ఖానాల నీటివలన నొయ్యల్ నది పాడైనదని రైతులు న్యాయస్థానమునకెక్కగా, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ కార్ఖానాలను మూయుమని ఉత్తరువిచ్చినది. మన పెరటి తొట్టి వానిముందు ఎంతది అనవచ్చును. కాని మన పెరటి తొట్టికి మన బావి 30 అడుగుల దూరములోనే ఉన్నది. అద్దకము ఎక్కువగా చేయువారు ఆ నీటిని శుద్ధిచేయు ఏర్పాటు గల రంగుల ఇంటిలోనే ఆ పని చేయవలెను. అట్టి రంగుల ఇల్లు మా సంఘమునకును ఇంకను లేదు. మహాసభలో రెండుసార్లు ఎత్తినాను, ముందు బాకీలు వసూలు చేయుమన్నారు. అంతవరకు కనీసము ఆ నీరు దొడ్డిలోనికిని, ఇంకుడు గుంటలోనికిని పోకుండ చూచుకొందము.

నూలు తుక్కు సంగతి కూడ ఒక్కమాట. మగ్గము క్రింద ఊడ్చిన పోగులు, తెగిన కొసలు దొడ్డిలో వేయరాదు. నూలు మెల్లగానైనను చివుకును. జరీ, పాలియెస్టరు చివుకవు. అవి టీ ముక్కకు చుట్టుకొని జడ కట్టును. మా ట్యాంకు మొదటిసారి తెరచినప్పుడు లోపలినుండి వచ్చిన పోగుల ఉండ చూచి మా అబ్బాయి "నాన్నా, ఇందులో ఒక తువ్వాలుకు సరిపడు నూలున్నది" అన్నాడు.

ట్యాంకు ఎప్పుడు శుభ్రము చేయించవలెనో తెలిసికొనుటకు మన చేతిలోనే సాధనమున్నది. పొడవైన కర్రకు క్రింది భాగమున ముతక తెల్లగుడ్డ గట్టిగా చుట్టి కట్టవలెను. మూత తెరచి, ఎడముగా నిలుచుండి, కర్రను అడుగు తగులువరకు మెల్లగా దింపి కొన్ని నిమిషములు ఉంచి పైకి తీయవలెను. మడ్డి ఉన్నంత ఎత్తు గుడ్డపై నల్లని రేణువులు అంటుకొని ఉండును. దానిపైన నీటి తడి మాత్రమే ఉండును. పైనున్న తెట్టె మందము కర్ర దించునప్పుడే చేతికి తెలియును. మడ్డియు తెట్టెయు కలిసి నీటి లోతులో సగము దాటినచో ఇక ఆలస్యము చేయరాదు. కొలిచినంతసేపు పిల్లలను దగ్గరకు రానీయరాదు, బీడీ, దీపము దరికి తేరాదు. గుడ్డను పాతిపెట్టి చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

శుభ్రము చేయించుట అనగా మురుగు తోడు లారీని పిలిపించుటయేగాని మనిషిని దింపుట కాదు. ఈ మాట వ్రాయునప్పుడు నాకు సిగ్గుగా ఉన్నది. 2004లో మా సంఘపు భవనము వెనుకనున్న ట్యాంకునకు నేనే ఒకరిని పిలిపించినాను. బేరమాడినాను గాని పేరడుగలేదు. నడుముకు తాడు కట్టి, బకెట్టు ఇచ్చి దింపినాము. ఆయన పైకి వచ్చి గోడకు ఆనుకొని చాలసేపు మాటలాడలేకపోయినాడు. ఎండదెబ్బ అనుకొని మజ్జిగ ఇప్పించినాను. అది ఎండదెబ్బ కాదని చాల ఏండ్లకు తెలిసినది.

ట్యాంకులో మడ్డి కుళ్ళునప్పుడు హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను, బొగ్గుపులుసు వాయువు పుట్టును. మొదటిది కుళ్ళిన గ్రుడ్డు వాసన కలది. కాని అది ఎక్కువైనప్పుడు ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. "వాసన లేదు, దిగు" అనుట కంటె ప్రమాదమైన మాట లేదు. మడ్డి కదిపినకొలది ఆ వాయువు పైకి లేచును. ఒక్కొక్కప్పుడు రెండు మూడు ఊపిరులలోనే మనిషి కూలును. దీపము దించి చూచు పాత పద్ధతి ఈ విషవాయువును చెప్పలేదు సరికదా, మీథేను ఉన్నచో అంటుకొని ప్రేలును. ఒకరు పడిపోగానే రక్షింపబోయి దిగిన అన్నయో కొడుకో కూడ చనిపోవుట పత్రికలలో తరచు చూచుచున్నాము. ఎవరైన పడిపోయినచో మీరు దిగవద్దు. పైనుండియే తాడుతో లాగుటకు ప్రయత్నించి, అగ్నిమాపక దళమువారిని పిలువవలెను.

2013లో వచ్చిన చట్టము ప్రకారము తగిన సాధనములు, జాగ్రత్తలు లేకుండ మనిషిని ట్యాంకులోనికి దింపుట నేరము. మొదటి తప్పుకే రెండేండ్లవరకు ఖైదు గాని, రెండు లక్షల రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని ఉన్నవి. అట్లు చనిపోయినవారి కుటుంబములకు 10 లక్షలు ఇవ్వవలెనని 2014లోను, 30 లక్షలకు తక్కువ కారాదని 2023 అక్టోబరులోను సుప్రీంకోర్టు తీర్పులిచ్చినది. లారీకొరకు 14420 అను ఫోను సంఖ్యను 2020లో కేంద్రప్రభుత్వము ఏర్పరచినది. పురపాలక కార్యాలయములో అడిగినను చెప్పుదురు.

లారీ వచ్చినప్పుడు ఎక్కడ పారబోయుదువని డ్రైవరును అడుగుడు. ఊరి చెరువు గట్టున వదలినచో మన ఇంటి మురుగు మన చెరువునకే చేరినట్లు. కర్ణాటకలో దేవనహళ్ళి పట్టణమున 2015లో ఈ మడ్డిని శుద్ధిచేయు కేంద్రము పెట్టినారు. ఒడిశాలో 2017లో పూరీతో మొదలై తరువాత మా ఊరికిని వచ్చినది. మహారాష్ట్రలో సతారా జిల్లా వాయి పట్టణమువారు 2018లో ఒక మంచి పద్ధతి పెట్టినారు. ట్యాంకు పొంగువరకు ఆగక, వీధి వంతున మూడేండ్లకొకసారి పురపాలకసంఘపు బండియే ఇంటింటికి వచ్చునట్లు ఏర్పాటు చేసికొన్నారు. మన సంఘములు ఇట్టిదానిని తమ వీధులకైనను కోరవలెను.

నేల తీరునుబట్టి కొన్ని భేదములున్నవి. షోలాపురమువంటి నల్లరేగడి నేల తడిసిన వెంటనే ఉబ్బి బిగిసిపోవును, నీరు త్రాగదు. అక్కడ ఒక లోతు గుంటకంటె కంకర నింపిన పొడవైన కాలువ మేలు. చవుకగా వచ్చునని మామూలు గుంట త్రవ్వినచో వానకాలములో పొంగును. రాయి పైకే తగులు నేలలలో నీరు వడకట్టబడక పగుళ్ళలో పడి దూరపు బావికైనను చేరవచ్చును. కాబట్టి అక్కడ బావినీరు కాచి త్రాగవలెను. యానాములో గోదావరి పోటెత్తినప్పుడు భూమిలోని నీరు పైపైకి వచ్చును. 2022 జూలై వరదను అక్కడివారు మరువలేరు. అట్టిచోట్ల వానకాలమున ట్యాంకును పూర్తిగా తోడించరాదు. ఖాళీ తొట్టిని చుట్టునున్న నీరు క్రిందినుండి నెట్టి గోడలు బీటలు వారునట్లు చేయును. వేసవిలో తోడించి, వెంటనే సగమువరకైనను నీరు పోసి ఉంచవలెను. వరద తగ్గువరకు దొడ్డిలో నీరు పొదుపుగా వాడవలెను.

మూత మీద అరుగు కట్టినవారు, తులసికోట కట్టినవారు కూడ మా వీధిలో ఉన్నారు. మూత ఎక్కడున్నదో తెలియక ఒకరింట మూడు చోట్ల గచ్చు పగులగొట్టినారు. మూత కనబడవలెను, బిగువుగా ఉండవలెను, పసిపిల్ల త్రొక్కినను కదలరాదు.

ఇప్పుడు మా సంఘపు పుస్తకములో సభ్యుల పేర్ల ఎదుట ఒక గడి పెంచినాము. ట్యాంకు కొలిచిన తేదీ, తోడించిన తేదీ అందులో వ్రాయుదుము. ఒకే వీధిలో నాలుగైదిండ్ల వంతు దగ్గరపడినప్పుడు లారీని ఒకే దినమున పిలుచుదుము. బండివానికి తిరుగుడు తప్పును కాబట్టి బాడుగలో కొంత తగ్గించుచున్నాడు. మా ఇంటిలో మాత్రము ఆ తేదీలను పుస్తకమునకు ముందు మగ్గము ఎదుటి గోడమీద సుద్దతో మా ఇంటిది వ్రాయును. నేయుచు తలయెత్తినప్పుడెల్ల కనబడునని ఆమె ఆ చోటు ఏర్పరచుకొన్నది.